చిల్లుల కార్డులకు చాకలి గుర్తు

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే జేబులో పెట్టుకు తిరిగే వస్తువు కాదండీ. అది బాలింత లాంటిది. దానికొక గది, గదికి అద్దాలు, దుమ్ము తగలకూడదు, చెప్పులతో ఎవరూ లోపలికి పోకూడదు, పక్కన గట్టిగా మాట్లాడకూడదు. తేడా అల్లా బాలింతకు వెచ్చగా ఉండాలి, దీనికి చల్లగా ఉండాలి. ఇప్పుడు అమీర్‌పేటలో ఏ సందులోకి పోయినా కంప్యూటర్ నేర్పుతామనే బోర్డులే. గోడ కనబడదు. ఆ పిల్లలు ఒక చేత్తో మిర్చిబజ్జీ తింటూ ఇంకో చేత్తో అదే కంప్యూటర్‌ని నొక్కుతుంటారు. వాళ్ళను చూసినప్పుడల్లా, ఒరే, మేము దీని గడప దగ్గర చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళంరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. ఈ ముసలిదానికి కంప్యూటర్ ఏం తెలుసు అనుకుంటారు. (నిజమే, ఏమీ తెలియదు. నా పేరు రాయడమే నాకు సరిగా రాదు. కానీ ఒకసారి ఒక ప్రోగ్రాంని నేను పాడు చేశాను, నేనే బాగు కూడా చేశాను. ఎంతమంది చెప్పుకోగలరు ఆ మాట?)

నాకప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో. మాది బట్టలు ఉతికే ఇల్లు. పెళ్ళయ్యాక మా ఆయన అమీర్‌పేటలో ఒక మేడ కింద ఇస్త్రీ బండి పెట్టాడు. ఆ మేడ మీద కంప్యూటర్ ఆఫీసు ఉండేది. పేరుకే కంప్యూటర్ ఆఫీసు, అసలు కంప్యూటర్ అక్కడ లేదు. అది పంజాగుట్టలో ఉండేది, వేరే వాళ్ళది. వీళ్ళు దాన్ని గంటల లెక్కన అడిగి వాడుకునేవారు. ఇక్కడ రాసిన పనిని అక్కడికి మోసుకుపోవడానికి ఒక నమ్మకమైన మనిషి కావాలని పెద్దసారు చొక్కా ఇస్త్రీకి ఇస్తూ అన్నారట. మా ఆయన వెంటనే, "మా ఇంట్లది ఉన్నది కద సారూ. ఇన్నేండ్లల్ల ఒక్క బట్ట తప్పిపోలే మా ఇంట్ల. జేబురుమాలు సుత పోలే" అన్నాడు. అట్లా నాకు నౌకరీ వచ్చింది. మూడు నెలలు చూస్తాం, ఏ తప్పూ రాకపోతే పర్మినెంట్ అన్నారు. పర్మినెంట్ అనే మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. మా అత్త అయితే ఆ మాటను రోజూ దేవుడి ముందు పలికేది, అర్థం తెలియకపోయినా.

నేను మోసేది ఒక రేకు డబ్బా. అందులో అట్టముక్కలు, కార్డులు అనేవారు. పొడుగ్గా, అన్నీ ఒకే కొలత, ఒక మూల కత్తిరించి ఉండేది. వాటి నిండా చిన్న చిన్న చిల్లులు. ఆ చిల్లులే రాత. మనిషి చెప్పదలుచుకున్న ఒక్కొక్క మాటా ఒక్కొక్క కార్డు మీద చిల్లులు పొడిచి పెడితే, మిషన్ వాటిని గబగబా మింగి, అర్థం చేసుకుని, పని చేసి పెట్టేది. ఆ మాటలు రాసేవాళ్ళలో ఒక్కతే ఆడమనిషి, మా ప్రోగ్రాం మేడం. విజయవాడ వైపు నుంచి వచ్చింది. బక్కగా, భుజానికి అడ్డంగా ఒక సంచీ వేలాడేసుకుని, జడలో పెన్సిలు గుచ్చుకుని తిరిగేది. ఆమె చిల్లులు చూసి చదివేదండీ! కార్డును వెలుగుకేసి పట్టుకుని, "ఇక్కడ తప్పు పొడిచారు" అనేది. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. అక్షరాలున్న కాగితమే నాకు చిక్కు, ఆమె అక్షరాలు లేని కాగితాన్ని చదువుతోంది. అటువంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

డబ్బాలో ముగ్గురివి మూడు కట్టలుండేవి. పైన చీటీలు అంటించేవారు. చీటీ నాకేం తెలుస్తుంది? మొదటి వారంలోనే మేడం కట్ట ఇవ్వవలసిన చోట పెద్దసారు కట్ట ఇచ్చి చీవాట్లు తిన్నాను. ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా అత్త, "నూరిండ్ల బట్టలల్ల నువ్వు గుర్తు పట్టలేవా? మూడు కట్టలకు ఏడుస్తవా?" అంది. నా బుద్ధికి అప్పుడు తట్టింది. మా ఇళ్ళల్లో ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు ఉంటుంది. జీడిగింజ రసంలో పుల్ల ముంచి, అంచు మీద చుక్కో గీతో పెడతాం. మర్నాడు ఎవరూ రాకముందే పోయి, స్టాంపు ప్యాడు సిరాలో చీపురుపుల్ల ముంచి (జీడిరసం పెడితే కార్డులు ఒకదానికొకటి అంటుకుంటాయని ఆగాను, అంతమాత్రం తెలివి ఉంది), రబ్బరు వేసిన కట్టల పై అంచుల మీద గుర్తులు గీసేశాను. పెద్దసారు కొయ్యలా నిలబడతారు కాబట్టి ఆయన కట్టకు నడిమధ్యన ఒక నిలువు గీత. లావుపాటి సారు ఒకాయన ఉండేవారు, ఆయనకు రెండు నిలువు గీతలు. మేడం సంచీ భుజం నుంచి నడుముకు ఏటవాలుగా ఉంటుంది కదా, అందుకని ఆమె కట్టకు ఈ మూల నుంచి ఆ మూలకు ఒక ఏటవాలు గీత.

పెద్దసారు చూశారు. ఆయన కోపం వస్తే మెల్లగా మాట్లాడతారు, అదే భయం. "ఏంటిది?" అన్నారు. చెప్పాను. "చాకలి గుర్తులా? కంప్యూటర్ కార్డుల మీద చాకలి గుర్తులా? మిషన్‌లో సిరా అంటితే ఎవరు జవాబు చెప్తారు? ఇంకోసారి గీత కనిపించిందంటే డబ్బా కింద పెట్టేసి మీ ఆయన బండి దగ్గరికి వెళ్ళిపోవచ్చు, తెలిసిందా?" అన్నారు. వేసినవి చెరిపే వీలు లేదు కాబట్టి అవి అట్లాగే ఉండిపోయాయి. లావుపాటి సారు పడీ పడీ నవ్వారు. మేడం మాత్రం తన కట్టను చేతిలోకి తీసుకుని గీత వంక కాసేపు చూసి, "బాగుంది" అంది. నన్ను ఊరడించడానికి అందనుకున్నాను.

ఇక ఆ శనివారం సంగతి. మూడు నెలలు నిండడానికి నాలుగు రోజులుంది. ఒక పరీక్షల వాళ్ళ మార్కుల పని, మేడం మొట్టమొదటి పెద్ద ప్రోగ్రాం, నెలల తరబడి సాగిన పని, నేను గీత గీసిన కట్టే, నాలుగు వందల పైచిలుకు కార్డులు. పంజాగుట్టలో మిషన్ మాకు మూడు నుంచి నాలుగు వరకు ఇచ్చారు. ఆ గంట దాటితే మళ్ళీ పది రోజులకు గాని దొరకదు. "జాగ్రత్తమ్మా, తడపకు, మడవకు" అని మేడం పంపింది. తడపలేదు, మడవలేదు. ఎండలో నడుచుకుంటూ పోయి, మెట్లెక్కి, అద్దాల గది ముందు డబ్బా చంకలో ఉండగానే ఒంటికాలి మీద నిలబడి చెప్పు విప్పబోయాను. అంతే. నేనొకవైపు, డబ్బా ఒకవైపు, రబ్బరు తెగి కార్డులు వరండా నిండా. మిషన్ నడిపే భాయ్ చాయ్ తాగడానికి కిందికి పోయాడు, ఎవరూ చూడలేదు.

ఇక్కడ నా గొప్పతనం వినాలి మీరు. నేను ఏడవలేదు. ఏముంది, బట్టల మూట విడిపోతే మళ్ళీ కట్టమా? తడపకు, మడవకు అన్నారు గాని, వీటికొక వరుస ఉంటుందని, ఒక్కటి ముందువెనకలైనా మిషన్‌కు మతి పోతుందని ఎవరూ చెప్పలేదు. అది చెప్పవలసిన మాటని వాళ్ళకు తోచి ఉండదు. నేను తీరిగ్గా కూర్చుని, ఒక్కొక్క కార్డునూ కొంగుతో తుడిచి, కత్తిరించిన మూలలన్నీ ఒకే వైపుకు వచ్చేట్టు తిప్పి, అప్పుడు సర్దాను. ఎట్లా? చిల్లులు ఎక్కువున్నవి అడుగున, తక్కువున్నవి పైన. పాత బట్ట కింద పెట్టి మంచి బట్ట పైన పెడతాం కదా, అట్లా. చూడముచ్చటగా వచ్చింది. మా అత్త ఉంటే మెచ్చుకునేది.

భాయ్ వచ్చాడు, కట్ట తీసుకుని మిషన్‌కు పెట్టాడు. అది టకటకా మింగింది. తరవాత పక్కనున్న అచ్చు మిషన్ మొదలుపెట్టింది చూడండీ, ఆగదే! కాగితం మీద కాగితం, మడత మీద మడత. అబ్బ, ఎంత బాగా పని చేస్తోందో అని అద్దంలోంచి సంతోషంగా చూస్తున్నాను. భాయ్ తల పట్టుకుని బయటికి వచ్చాడు.

"అరె చెల్లే, గిదేం కట్ట తెచ్చినవ్? అన్నీ గల్తీలే గల్తీలు! మిషన్ పాగల్ అయిపోయింది!"

"మంచిగ సర్దే ఇచ్చిన భాయ్."

"సర్దినవా? నువ్వు సర్దినవా? యా అల్లా!" అని ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

మేడం ఆటోలో వచ్చేసరికి మూడుంబావు దాటింది. కట్ట చూసింది. ఎలా సర్దావమ్మా అంది. చిల్లుల సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదండీ. వరండాలో, ఆ నేల మీద, కాటన్ చీరతో అట్లాగే చతికిలబడింది. "నేను రాసుకున్న కాగితాలు ఉన్నాయి గానీ, నాలుగు వందల కార్డులు ఒక్కోటీ వెతికి పేర్చాలంటే చీకటి పడుతుంది" అని మెల్లగా అంది. అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. నా పర్మినెంట్ పోయింది, సరే, దానికంటే ఆమె మొహం చూడలేకపోయాను. ఏం చేయాలో తోచక కట్టను చేతిలోకి తీసుకున్నాను. పై అంచు మీద నా గీత లేదు. ఎక్కడి చుక్క అక్కడ, చీమలు పాకినట్టు చెల్లాచెదురు.

"అయ్యో, నా గుర్తు సుత పోయింది మేడం" అన్నాను. చూడండి, ఆ సమయంలో ఎవరైనా అనే మాటేనా అది!

మేడం తల ఎత్తింది. "ఏటవాలు గీత కదూ? ఈ చివర నుంచి ఆ చివరకి?"

"అవును మేడం."

"అంటే ఒక్కో కార్డు మీదా చుక్క ఒక్కో చోట ఉంటుంది." జడలో పెన్సిలు తీసి మళ్ళీ జడలోనే గుచ్చుకుంది. "గీత మళ్ళీ వచ్చేలా పేరిస్తే కార్డులు వరసలోకి వచ్చేస్తాయి. అమ్మాయ్, చుక్క చూసి సర్దగలవా? త్వరగా?"

చుక్క చూసి సర్దగలనా? నాకు పాలతో వచ్చిన విద్య అది. భాయ్‌ని కూడా కూర్చోబెట్టాం. నేను ముందు ఏ ఇంటి బట్టలు ఆ ఇంటి మూటలో వేసినట్టు, చుక్క ఎడమ చివరున్నవి ఇక్కడ, దాని పక్కవి అక్కడ అని ఏడు కుప్పలు వేశాను. భాయ్ ఒక్కో కుప్పను మళ్ళీ చుక్కల ప్రకారం జరిపాడు. పక్కపక్క చుక్కలు తేడా తెలియనివాటిని మేడం వెలుగుకు పట్టుకుని, చిల్లులు చదివి, తన కాగితంతో పోల్చి, ముందుది ముందు పెట్టింది. మధ్యలో భాయ్ ఒకసారి, "చెల్లే, నీ చెయ్యి మిషన్‌కంటే ఫాస్ట్ ఉన్నది" అన్నాడు. కుప్పలన్నీ కలిపి నేల మీద తట్టి నిలబెడితే, పై అంచున నా గీత, ఈ మూల నుంచి ఆ మూలకు, కొంచెం వంకరగా, నాకేసి చూస్తోంది.

నాలుగుకు పావుగంట ఉందనగా మిషన్ మళ్ళీ మింగింది. అచ్చు మిషన్ ఒకే ఒక్క కాగితం ఇచ్చి ఆగిపోయింది. మేడం ఆ కాగితం చదివి, నాలుక కరుచుకుని, నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది నీ తప్పు కాదు, నాది. ఒక వాక్యం చివర చుక్క పెట్టడం మర్చిపోయాను."

"ఒక్క చుక్కకు ఆగిందా మేడం?"

"ఒక్క చుక్కకే ఆగుతుందమ్మా ఇది."

నాలుగు వందల చుక్కలు నేను పెట్టాను, ఒక్క చుక్క ఆమె మరిచింది! అక్కడే ఒక కార్డు కొత్తగా పొడిపించి, తప్పుదాన్ని తీసి దాని చోట పెట్టింది. నాలుగు కొట్టడానికి అయిదు నిమిషాల ముందు మార్కులు పేజీలు పేజీలుగా వచ్చాయి. భాయ్ నాకు తన చాయ్ ఇచ్చాడు.

సోమవారం మేడం పెద్దసారుకు ఉన్నదున్నట్టు చెప్పింది. దాచమని నేను బతిమాలాను, వినలేదు. "దాస్తే నువ్వు చేసిన మంచి కూడా దాగిపోతుంది" అంది. పెద్దసారు అంతా విన్నారు. నేను తలుపు పక్కన డబ్బా కింద పెట్టేసి, మా ఆయన బండి దగ్గరికి పోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన తన కట్టను తీసి, నడిమధ్యనున్న నిలువు గీతను వేలితో తడిమారు. ఆ కట్ట కింద పడితే అన్ని కార్డుల మీదా చుక్క ఒకే చోట, ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే అర్థమైంది.

"అమ్మాయ్" అన్నారు మెల్లగా. "ఇకనుంచి నాక్కూడా ఏటవాలుగానే గియ్యి."

మూడు నెలలు నిండగానే పర్మినెంట్ కాగితం వచ్చింది. మా ఆయన దాన్ని ఇస్త్రీ చేసి మరీ పెట్టెలో పెట్టాడు. "కార్డులు కింద పడేసి పర్మినెంట్ అయినదానివి నువ్వొక్కదానివే ఉంటవే. జర నా బండికి సుత ఒక గీత గియ్యరాదు" అన్నాడు. గీశాను, చెక్క మీద, ఏటవాలుగా. ఆయన పోయిన తరవాత బండి అమ్మేటప్పుడు ఆ ఒక్క చెక్క ఊడదీయించి ఉంచుకున్నాను. (చపాతీలు దాని మీదే చేస్తాను.)

ఆ గీత నేనే కనిపెట్టానని వాడకట్టంతా చెప్పుకు తిరిగాను. చాలా ఏళ్ళకు మేడం ఒకరోజు నవ్వుతూ, "మాకు చదువులోనే చెప్పారు, కట్ట మీద ఏటవాలు గీత గీసుకోవాలని. మేమే బద్ధకించాం. నువ్వు గీసిన రోజే నాకు గుర్తొచ్చింది" అంది. ఆమెకు ఆ మాట అన్నేళ్ళు నాకు చెప్పబుద్ధి కాలేదంటే చూడండి, ఎంత మంచి మనిషో.

ఇప్పుడు నాకూ ఒక ఫోను ఉంది. అందులోనూ కంప్యూటరే ఉందంటారు, చెప్పులు విప్పకుండానే పట్టుకుంటున్నాను. కానీ కళ్ళు మూసుకుంటే ఆ వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒక్కొక్క కార్డునూ కొంగుతో తుడిచి, చిల్లులు లెక్కపెట్టి సర్దుతున్న పిల్లే కనబడుతుంది. ఎంత గర్వమో దాని మొహంలో! పోయి చెప్పాలనిపిస్తుంది, ఒసే పిచ్చిదానా, తప్పు చేస్తున్నావే అని. మళ్ళీ అనుకుంటాను, ఎందుకులే, చేయనీ. అంత చక్కగా సర్దిన కట్టను చూసి ఆ మిషన్ ఒక్కటే మెచ్చుకోలేదు. నేనైతే ఇప్పటికీ మెచ్చుకుంటాను.