తప్పు పట్‌ల బాబాయి

మా బాబాయికి గోల్ఫ్ ఆటలో పట్ గురించి తెలిసినవన్నీ తప్పులే. ఒకటో రెండో అయితే మనిషన్నాక పొరపాటు అనుకోవచ్చు. బాబాయిది అలా కాదు, వంద చెబితే వందా తప్పే. పైగా ప్రతిదీ గుండె మీద చెయ్యేసుకుని, "రాసి పెట్టుకో అమ్మాయ్" అని మరీ చెప్పేవాడు. నేను రాసి పెట్టుకోలేదు గానీ ఒక్కటీ మర్చిపోలేదు.

పట్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గోల్ఫ్‌లో ముందు బంతిని దూరంగా గాల్లోకి బాదుతారు. గుంత దగ్గరికి చేరాక, అక్కడ నున్నగా కత్తిరించిన పచ్చిక మీద పొట్టి కర్రతో మెల్లగా దొర్లిస్తారు. ఆ దొర్లించడమే పట్. మా పిన్నికి ఆ మాట చివర ఓ కొమ్ము తగిలించకపోతే నోరు తిరగదు. "మా ఆయన ఈమధ్య పట్టులో పడ్డారండీ" అని పక్కింటావిడతో అంది. ఆవిడ సాయంత్రానికల్లా వచ్చి, "మెరూన్ రంగులో రెండు చూపించమనండి, అంచు మరీ వెడల్పు వద్దు" అంది. బాబాయి లోపలికెళ్లి పట్ కర్ర తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"మెరూన్ లేదండీ, ఇదొక్కటే రంగు."

బాబాయి టైల్స్ పరిచే మేస్త్రీ. మా ఇంట్లో నేల కూడా ఆయన చేతిదే. ఆదివారం పొద్దున్నే వచ్చి, జేబులోంచి గోల్ఫ్ బంతి తీసి మా హాల్లో దొర్లించి, అది ఎటు పోతే అటు వేలు చూపించేవాడు.

"బంతి ఎప్పుడూ నీళ్లున్న వైపే తిరుగుతుంది. రాసి పెట్టుకో."

బంతి నిజంగానే తిన్నగా బాత్రూం గుమ్మం దాకా వెళ్లి ఆగింది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"నేల కడిగితే నీళ్లు అటు పోవాలని వాటం పెట్టింది నువ్వే కదయ్యా!"

"నేననేదీ అదే వదినా. నీళ్లు!"

గ్యాస్ పొయ్యి బాగుచెయ్యడానికి వచ్చినతన్ని కూడా వదల్లేదు. "చూడు బాబూ, గుంత దాకా చేరని బంతి గుంతలో పడదు. కాబట్టి పట్ ఎప్పుడూ బలంగానే కొట్టాలి. అవునా, కాదా?"

అతను బిక్కమొహం వేసి, "సిమ్‌లో పెట్టి చూడమంటారా సార్?" అన్నాడు.

"సిమ్ము మాట ఎత్తకు. సిమ్ముని నమ్ముకున్నవాడు ఆటలో బాగుపడడు!"

ఇన్ని మాటలూ నాతోనో, అమ్మతోనో, పొయ్యి మనిషితోనో చెప్పేవాడు. ఆ హాల్లోనే, కిటికీ పక్క కుర్చీలో, పేపరు వెనక కూర్చున్న మనిషితో మాత్రం ఒక్క ముక్క అనేవాడు కాదు. ఆ మనిషి మా నాన్న.

నాన్న ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండటం ఆయన వల్ల అయ్యేది కాదు. ఇంటికి వచ్చిన పెళ్లి శుభలేఖల్ని ఎర్రపెన్నుతో దిద్ది తిరిగి పంపేవాడు. దానివల్ల రెండు పెళ్లిళ్లలో మమ్మల్ని సరిగ్గా పలకరించినవాళ్లే లేరు. దగ్గుమందు సీసా మీద కాగితం దిద్దాకే దగ్గుమందు తాగేవాడు. ఆదివారాలు ఊరి చివర మునిసిపాలిటీ వాళ్ల తొమ్మిది గుంతల మైదానంలో గోల్ఫ్ ఆడేవాడు. దూరం కొట్టడంలో అంతంతమాత్రమే గానీ పట్‌లో ఆయనకు తిరుగులేదని అందరూ అనేవారు.

తర్వాత కుడిచేతికి వణుకు మొదలైంది. ప్రాణం మీదికి తెచ్చేది కాదు గానీ పోయేదీ కాదన్నాడు డాక్టరు. ఒక ఆదివారం గుంతకి రెండడుగుల దూరంలో ఉన్న బంతిని కొట్టబోతే చెయ్యి అదిరి బంతి పక్కకి పోయింది. మరీ దగ్గరున్న బంతిని కొట్టక్కర్లేదని ఎదుటివాళ్లు మర్యాదకి వదిలేసే పద్ధతి ఆ ఆటలో ఉంది. మరుసటి వారం నుంచి స్నేహితులు నాన్న బంతి నాలుగడుగులున్నా, ఐదడుగులున్నా "వదిలేయండి మాస్టారూ, పడినట్టే" అనడం మొదలుపెట్టారు. పాపం, వాళ్లది మంచి మనసే. మూడో వారం నాన్న ఇంటికొచ్చి పట్ కర్రని బీరువా మీదికి తోసేశాడు. మళ్లీ మైదానం మొహం చూడలేదు.

ఆట ఒక్కటే మానేస్తే మేమూ ఊరుకునేవాళ్లం. ఆయన దిద్దడం కూడా మానేశాడు. ఒకరోజు పేపర్లో 'అన్ని వార్డులకూ తాగునీరు' అని ఉండాల్సిన చోట 'అన్ని వార్డులకూ తాగనీరు' అని పడింది. ఊరందరినీ నీళ్లు తాగనివ్వరని పెద్దక్షరాల్లో అచ్చేశారన్నమాట! నాన్న అది చూశాడు. చూసి, పేజీ తిప్పాడు. ఆవేళ అమ్మ భయపడింది. నాకూ భయం వేసింది. కళ్లెదుట ఉన్న మనిషి కొంచెం కొంచెంగా వెళ్లిపోతున్నాడని ఇద్దరికీ తెలుసు, ఎలా ఆపాలో ఇద్దరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే, అంతవరకూ గోల్ఫ్ కర్ర ముట్టుకోని బాబాయి ఎక్కడో పాత పట్ కర్ర సంపాదించి మా ఇంటిమీద పడ్డాడు. నాకు ఒళ్లు మండింది. ఆట పోయి బాధలో ఉన్న మనిషి ముందు ఆ ఆట గురించే, అదీ అడ్డదిడ్డంగా వాగడమేమిటి? "బాబాయికి కాస్త చెప్పవే" అన్నాను అమ్మతో. "చూద్దాంలే" అంది అమ్మ.

మూడు నాలుగు ఆదివారాలు గడిచేసరికి, బాబాయి నోరు విప్పినప్పుడల్లా పేపరు చప్పుడు పెరిగింది. ఆ తర్వాత దగ్గు మొదలైంది. ఒకరోజు బాబాయి మళ్లీ తన బలం పాట ఎత్తుకున్నాడు. "చేరని బంతి పడదు వదినా, రాసి పెట్టుకో."

పేపరు వెనకనుంచి, "దాటిపోయిన బంతి కూడా పడదు" అని వినిపించింది.

వంటింట్లో గరిటె ఆగిపోయింది. "ఏమన్నావన్నయ్యా?" అన్నాడు బాబాయి.

"ఏం లేదు."

బాబాయి ఆగలేదు. పెద్ద పెద్ద ఆటగాళ్లు పదడుగుల నుంచి పట్ తప్పనే తప్పరన్నాడు. దూరంతో పనిలేదు, గురి ఉంటే చాలన్నాడు. పేపరు ఇంకాస్త నలిగింది, అంతే. అప్పుడు బాబాయి, అమ్మవైపు తిరిగి, ఆ ఇంట్లో ఎవరూ అనకూడని మాట అన్నాడు.

"అసలు రెండడుగుల పట్ ఏముంది వదినా! కళ్లు మూసుకుని కొట్టొచ్చు."

నాన్న పేపరు మడిచాడు. ఏడాదిగా అంత నెమ్మదిగా, అంత శుభ్రంగా పేపరు మడవడం నేను చూడలేదు.

"కళ్లు మూసుకునా?" అన్నాడు. "ఏదీ, తెరుచుకునే కొట్టు."

గుంతకి బదులు నేను గ్లాసు నేలమీద పడుకోబెట్టాను. రెండడుగులు కొలిచింది నాన్నే. బాబాయి పదిసార్లు కొట్టాడు. మూడు గ్లాసులో పడ్డాయి, రెండు సోఫా కిందికి పోయాయి, మిగతావి అలవాటు ప్రకారం బాత్రూంకి వెళ్లాయి.

"రెండడుగులది తేలికని ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు నాన్న. గొంతు పెరిగింది. "అన్నిటికంటే పెద్ద తప్పు అదే. ముప్పై అడుగులది పోతే ఎవడూ ఏమీ అనుకోడు. రెండడుగుల దగ్గర నిలబడితే, ఇది కూడా రాదా అని లోకమంతా చూస్తున్నట్టుంటుంది. చెయ్యి బాగున్నవాడికే అక్కడ చెయ్యి ఆడదు. ఇలా తే."

కర్ర తీసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది, కర్ర కొస కూడా వణుకుతోంది. కొట్టాడు. బంతి గ్లాసు అంచుకి తగిలి పక్కకి పోయింది.

పడినట్టేలే నాన్నా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. బాబాయి నా కాలు తొక్కాడు.

"పడలేదన్నయ్యా, పోయింది" అన్నాడు మామూలుగా. బంతి తెచ్చి మళ్లీ అక్కడే పెట్టాడు. "కొట్టు."

నాన్న ఆయనవంక ఒక క్షణం చూశాడు. తర్వాత కుడిచేతిని కిందికి మార్చి, ఎడమచేత్తో దాన్ని గట్టిగా కప్పిపట్టి, మళ్లీ వంగాడు. నాలుగోది గ్లాసులో టంగుమని పడింది. అమ్మ గరిటెతో సహా హాల్లోకి వచ్చి నిలబడిపోయింది.

పై ఆదివారం అన్నదమ్ములిద్దరూ మైదానానికి వెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను. నాన్న అడుగడుక్కీ తమ్ముణ్ణి దిద్దడమే. "గట్టిగా కొట్టకురా. వేగంగా వచ్చే బంతికి గుంత చిన్నదైపోతుంది." "గురి సరే, దూరం సంగతి? ఇంత దూరం నుంచి ఎవడూ పక్కకి ఆరడుగులు తప్పడు. ముందుకో వెనక్కో తప్పుతాడు." "పదడుగులవి పెద్ద ఆటగాళ్లకే సగానికి సగం పోతాయి. పక్కన ఆపడానికి కొట్టు. పడితే దాని అదృష్టం." పాత స్నేహితులెవరో వచ్చి "వదిలేయండి మాస్టారూ" అనబోతే, బాబాయి అడ్డం వెళ్లి "మా అన్నయ్య బంతి మా అన్నయ్యే కొట్టుకుంటాడండీ" అన్నాడు. నాన్న కొట్టినవి కొన్ని పడ్డాయి, చాలా పోయాయి. పోయినప్పుడు కూడా ఆయన బాగానే ఉన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది అందుకే.

కొన్నాళ్ల తర్వాత ఏదో తాళంచెవి ఇవ్వడానికి బాబాయి పనిచేస్తున్న చోటికి వెళ్లాను. కొత్త ఆసుపత్రిలో బాత్రూంలకి టైల్స్ వేస్తున్నారు. బాబాయి మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెంప నేలకి ఆనించి, పనివాళ్లతో "ఆ మూల పావంగుళం లేచింది, తీసెయ్" అంటున్నాడు. నాకైతే నేలంతా ఒక్కలాగే ఉంది. జేబులోంచి బంతి తీసి, "ఇది మూడో టైలు దాకా తిన్నగా పోయి, ఎడమకి తిరిగి, గొట్టం ముందు ఆగుతుంది" అని వదిలాడు. బంతి చెప్పినట్టే పోయింది, తిరిగింది, ఆగింది.

"బాబాయ్! నీకు అన్నీ తెలుసు!"

బాబాయి దొంగలా అటూ ఇటూ చూశాడు. "మెల్లగా! మీ నాన్నకి చెప్పకు."

"మరి ఆ తప్పులన్నీ?"

"ఏం చెయ్యమంటావే? అన్నయ్యా, బాధపడకు, లేచి ఆడు అంటే వింటాడా? నేను తమ్ముణ్ణి. నా నోటి మంచిమాట ఆయనకి ఏనాడు చెవికెక్కింది? తప్పు మాట్లాడితే మాత్రం ఊరుకోలేడు. తాగనీరు ఒక్కటే కాబట్టి వదిలేశాడు. వారం వారం, ఆయన ఆట గురించి, ఇంటికొచ్చి మరీ చెబితే ఎన్నాళ్లు ఊరుకుంటాడు?" మోకాళ్లు దులుపుకున్నాడు. "ఆ రెండడుగుల మాట అనేముందు మాత్రం రెండు రాత్రులు నిద్రపట్టలేదు."

ఇన్నాళ్లూ ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఆ రహస్యం వారం రోజులు కడుపులో దాచుకున్నాను. ఆదివారం పొద్దున నాన్న ఎర్రపెన్ను పట్టుకుని పేపరు దిద్దుతున్నాడు. గీతలు వంకరటింకరగా పోతున్నా, తప్పులు మాత్రం ఒక్కటీ తప్పించుకోవడం లేదు. ఇక ఆగలేక అడిగేశాను.

"నాన్నా, బాబాయికి పట్ గురించి నిజంగా ఏమీ తెలీదంటావా?"

నాన్న తలెత్తలేదు. "నీళ్లు ఎటు పోతాయో తెలిసినవాడికి బంతి ఎటు పోతుందో తెలీదా? కావాలనే అంటాడు."

"నీకు తెలుసా! మరి దిద్దుతావెందుకు?"

"కావాలని అనేవి సగమే. మిగతా సగం వాడికి నిజంగానే తెలీదు. ఏది ఏదో వాడికి చెప్పకు, ఆదివారాలు పాడవుతాయి."

కింద స్కూటరు ఆగింది. వీధిలోంచే బాబాయి గొంతు వినిపించింది.

"అన్నయ్యా! త్వరగా రా! మంచుకి పచ్చికంతా తడిసుంటుంది, ఇవాళ బంతి ఇంకా జోరుగా పరిగెడుతుంది!"

"తడి టైలు జారుతుంది కదాని పచ్చిక కూడా జారుతుందనుకుంటున్నాడు పిచ్చి వెధవ. పచ్చిక తడిస్తే బంతిని పట్టేస్తుంది" అన్నాడు నాన్న, హడావుడిగా బూట్లు వెతుక్కుంటూ. మొహం వెలిగిపోతోంది. "చూశావా? ఇది మాత్రం వాడికి నిజంగానే తెలీదు."