సత్తెమ్మక్క చూసిన దండెం

తార్నాకలో మా గల్లీలో ఏ ఇంటి ముందైనా పసిపిల్లల గుడ్డలు ఆరేసి ఉంటే నా కాళ్లు ఆగిపోతాయి. సబ్బూ పాలూ కలిసిన ఆ పాత చీరపేలికల వాసన అటువంటిది. నాకు అక్షరాలు అంతగా రావు గాని దండెం చదవడం వచ్చు. సత్తెమ్మక్క నేర్పింది.

యూనివర్సిటీ తోటపనిలో మా ఆడవాళ్లకు ఆమె మేస్త్రి. బారుమనిషి, నోట్లో ఎప్పుడూ వక్క. మేం ముచ్చట్లలో పడితే కొడవలిని రాయికేసి టింగున కొట్టేది. తిట్టేది కూడా. ఆ తిట్లకే మాకు నవ్వొచ్చేది.

కొడుకు పుట్టేనాటికి నాకు తల్లి లేదు. వాడు రొమ్ము పట్టిన ప్రతిసారీ నొప్పికి నా కళ్లలో నీళ్లు తిరిగేవి. వదిలిస్తే మళ్లీ ఏడుపు. నాకు పాలు లేవని మా అత్త తేల్చేసింది. మా ఆయన పాలడబ్బా తెచ్చి గూట్లో పెట్టాడు. ఆయన ఇప్పుడు లేడు గాని, పాపం, అప్పుడు ఆయనకు తోచింది అదే. ఆ డబ్బాను చూసినప్పుడల్లా, తల్లినై ఉండీ బిడ్డ కడుపు నింపలేకపోతున్నానని కుమిలిపోయేదాన్ని. ఇక డబ్బా తెరుద్దామని అత్త అన్న రోజే సత్తెమ్మక్క వచ్చింది.

వచ్చిన మనిషి నన్ను చూడలేదు, పిల్లవాణ్నీ చూడలేదు. వాకిట్లో నిలబడి దండెం చూసింది. ఈ చివర నుంచి ఆ చివరి దాకా గుడ్డలే.

"వదినె, గివన్ని ఎవరు తడిపిండ్రు?"

"ఇంకెవరు, గా దొరనే. ఉతకలేక సస్తున్న," అంది అత్త.

"పాలు లేకుంటె మరి ఏం తాగి పోస్తున్నడు? మూసీ నీళ్లా?"

అత్తకే నవ్వొచ్చేసింది.

సత్తెమ్మక్క లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. "వాని మీదికి నువ్వు ఒంగకు పిల్లా, వాన్నే నీ దగ్గరికి తెచ్చుకో. నోరు మంచిగ తెరువనియ్యి. కొస ఒక్కటే పట్టిస్తె నొయ్యదా మరి?" అలాగే పట్టించాను. నొప్పి తగ్గింది. గుటక వినిపించింది. "గదే," అంది ఆమె, వక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంటూ.

మర్నాడు తానే మమ్మల్ని దవాఖానకు తీసుకెళ్లింది. "నా కన్నొక్కటే సాలది, కాంట గూడ చెప్పాలె. బరువు తక్కువుంటె డాక్టరమ్మ చెప్పినట్టు చేద్దాం. గప్పుడు డబ్బా పట్టినా పాపం కాదు." కాంట కూడా ఆమె మాటే చెప్పింది.

ఆ తర్వాత బాలింతను చూడ్డానికి తోట ఆడవాళ్లంతా వచ్చారు. సత్తెమ్మక్క గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ముద్దు వెట్టి పోవుడు గాదు, గిన్నెలు తోమి పోవాలె." తోమారు, ఉతికారు, నన్ను పడుకోబెట్టారు. నేను మళ్లీ పనిలోకి వెళ్లాక, పాలిచ్చే వేళకు గడ్డి మోసే పట్టానే అటొకరు ఇటొకరు పట్టుకుని నాకు తెర కట్టేవారు.

సత్తెమ్మక్క పోయి చాలా ఏళ్లయింది. మొన్న మా కోడలు పాపను ఒళ్లో పెట్టుకుని, "అత్తమ్మా, నాకు పాలు సరిపోతలేవేమో," అంది. అలవాటుగా బయటికి చూశాను. దండెం ఖాళీ. ఇప్పుడన్నీ డైపర్లే కదా. అప్పుడే విప్పిన డైపరు మడిచి కోడలి చేతిలో పెట్టాను.

"పట్టుకో. గీ బరువు యాడికెళ్లి వచ్చింది?"

కోడలు పకపకా నవ్వింది. రేపు కాంట మీద కూడా చూద్దామని చెప్పి, నేను గిన్నెలు తోమడానికి లేచాను.