బియ్యం లేని అక్షింతలు

అక్క పెళ్లిలో జంట మీద ఏం చల్లాలో తేల్చే పని నాకు పడింది. అప్పుడు నేను పాలిటెక్నిక్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. ఎనభైల మొదట్లో నర్సీపట్నం ఫ్యాన్సీ షాపుల్లోకి థర్మోకోల్ పూసలు కొత్తగా వచ్చాయి. అక్షింతలతో పాటు అవీ చల్లడం ఓ మోజైంది. అక్క కూడా రంగురంగులుగా ఏదైనా ఉండాలంది.

నేను అన్నీ కొద్దికొద్దిగా తెచ్చి, డాబా మీద నుంచి ఒక్కొక్కటే వదిలి చూశాను. థర్మోకోల్ పూసలు నేలకు చేరవు, అరచేతికి అంటుకుని దులిపినా పోవు. మెరుపు పొడి కళ్లలో పడుతుంది. బంతిరేకులు నేరుగా కింద పడిపోతాయి. గాలిపటాల కాగితాన్ని చిన్న బిళ్లలుగా కోస్తే మాత్రం గింగిరాలు తిరుగుతూ నెమ్మదిగా దిగుతుంది. తడి తగిలితే రంగు వదులుతుంది, అదొక్కటే లోపం. ఆ కాగితమే ఖాయం చేశాను.

కాగితాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. నాన్న పోయాక అమ్మ ఏ శుభకార్యంలోనూ అక్షింతలు ముట్టలేదు. ముట్టొద్దని ఎవరూ నోరు తెరిచి అనలేదు. పళ్లెం ఆమె దాకా వచ్చేసరికి పక్కకు తిరిగిపోయేది, అంతే. అక్క పెళ్లిలో కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మ చేస్తారు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుంది.

"ఊరంతా ఏసినా అమ్మ ఎయ్యకపోతే నాకు పెళ్లయినట్టుండదురా. పెద్ద ఇంజినీరువి కదా, ఏదో ఒకటి సెయ్యి" అంది అక్క.

నేను ఆలోచించాను. కూడదన్నది పసుపు కలిపిన బియ్యం. కాగితంలో బియ్యమూ లేదు, పసుపూ లేదు. పెద్దమ్మ దగ్గరికెళ్లి ఇదే చెప్పాను.

"కాగితమైతే ఏటిరా? సెయ్యి ఆవిడదే కదా" అంది పెద్దమ్మ.

"దీనికి మంత్రమేటి ఉంది పెద్దమ్మా? సినిమా టిక్కెట్టు సింపి ఇసిరినట్టే."

"మీ నాన్నా ఇంతే. సెలవు సీటీ రాయాలన్నా ముందు రూలు సూసీవోడు." నవ్వింది. నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుంది. "సర్లే. ముహూర్తం గట్రా అయిపోయాక, జీపెక్కీటప్పుడు ఎయ్యమను. ఇంకేటీ అడక్కు నన్ను."

ఆ మాట చెప్పగానే అమ్మ కత్తెర తీసుకుని కూర్చుంది. నాన్న పోయాక ఆమె అంత హుషారుగా ఏ పనీ చెయ్యడం నేను చూడలేదు. ఎరుపు, ఆకుపచ్చ, గులాబి, నారింజ. నల్ల కాగితం నేనే తేలేదు. తెల్ల కాగితం ఉంటే ఏరి పక్కన పెట్టింది.

"తెలుపు బాగుంటాదమ్మా."

"దానికి తెలుపొద్దు నాయినా" అంది, తల ఎత్తకుండా.

పెళ్లి సవ్యంగా జరిగింది. తలంబ్రాలప్పుడు బావ తల నిండా బియ్యం పోసి అక్క పడిపడి నవ్వింది. భోజనాలయ్యాక బావ వాళ్ల ఊరు నాతవరం వెళ్లే జీపు వాకిట్లో నిలబడింది. అక్క బావ పక్కన నిలుచుని, అమ్మ కోసం తల వంచింది. అమ్మ పళ్లెంతో దగ్గరికి వచ్చింది. గుప్పిట నిండా కాగితాలు తీసింది. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది.

"ఏసెయ్యే, బేగి. ఎండ మండిపోతంది" అంది పెద్దమ్మ. ఆవిడే అంది.

అమ్మ పళ్లెం పెద్దమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే ఎయ్యక్కా."

పెద్దమ్మ ఒక్క క్షణం అమ్మ ముఖంలోకి చూసి, వేసింది. డాబా మీద నుంచి వదిలినప్పటిలాగే కాగితాలు గింగిరాలు తిరుగుతూ దిగాయి. అక్క తల ఎత్తింది. పళ్లెం ఎవరి చేతిలో ఉందో చూసింది. జీపెక్కింది.

జీపు కదిలాక అమ్మను అడిగాను. "ఎందుకమ్మా? పెద్దమ్మే ఒప్పుకుంది కదా."

"నువ్వు సెప్పింది తప్పని కాదు నాయినా. రేపు దానికి సిన్న జొరమొచ్చినా, ఎవులూ అనకపోయినా, నానే అనుకుంటాను. నా సేతివల్లే అని."

 నేను నియమానికి జవాబు వెతికాను గాని, భయానికి వెతకలేదు.

జీపు మలుపు తిరిగింది. కాసేపు దుమ్ము కనిపించింది, తర్వాత అదీ లేదు. అమ్మ కుడిచెయ్యి ఇంకా మూసుకునే ఉంది.

"మరంత దూరమెళ్లిపోయింది కదా. ఇక్కణ్నించి ఏస్తే దానికి తగల్దు కదా?"

ఆ కాగితాలు ఎంత దూరం పోతాయో నాకు తెలుసు.

"తగలదమ్మా" అన్నాను.

అమ్మ రోడ్డు వైపు తిరిగి విసిరింది. అంతసేపూ పిడికిట్లో ఉండి చెమటకు తడిసిన కాగితాలు ఉండగట్టాయి. ఒక్కటీ తిరగలేదు, అన్నీ కలిసి ఆమె కాళ్ల దగ్గరే పడ్డాయి. తెరిచిన అరచేతికి ఎరుపూ ఆకుపచ్చా అంటుకున్నాయి. ఆ రంగు చూసుకుంటూ, చెయ్యి కడుక్కోకుండా, అమ్మ చాలాసేపు అరుగు మీద కూర్చుంది.