పాలికి మేపిన పెయ్య

మా వైపు పెయ్యదూడను పాలికి, అంటే వాటాకు, ఇవ్వడం పాత ఆచారం. దూడ ఒకరిది, మేత, చాకిరి మరొకరివి. అది ఈనిన తరువాత పశువుల బేరగాడు ధర కడతాడు. అందులో ఇద్దరికీ చెరిసగం. ఆవును ఉంచుకోదలచినవారు రెండవవారికి సగం చెల్లించాలి. మేత ఖర్చును ఆ లెక్కలోకి ఎవరూ తీసుకురారు.

కడంబత్తూరులో ఉండే నా భార్య అన్న తన పెయ్యను మాకు అలాగే ఇచ్చాడు. అది చూలు కట్టినప్పటి నుంచి, ఇంట్లోనే ఉంచుకోవాలని ఆమె మహిళా సంఘంలో ఇరవై వేలు కూడబెట్టింది. ఐప్పసి నెల వానలకు ముందు తిరుత్తణి బేరగాడు చూసి, ఈనితే నలభై వేలు పలుకుతుందన్నాడు. లెక్క సరిపోయింది.

ఆ వానలకు మా వరి నేలకొరిగింది. గడ్డివామి లోపలిదాకా బూజుపట్టింది. పచ్చగడ్డి ఏపుగా పెరిగింది కాని అందులో నీళ్ళే తప్ప బలం లేదు. వేరుశనగ చెక్క, తవుడు, పత్తిగింజలు పెట్టక తప్పదన్నాడు పశువైద్యుడు. రోజుకు నూట ఇరవై రూపాయలు. మార్గళి నెల ముగిసేసరికి, తొంభై రోజులకు, పదివేల ఎనిమిది వందలు.

సగానికి తగ్గించమన్నాను.

"ఆ లెక్కంతా కడుపులో ఉండే దూడకు చెప్పండి," అన్నది నా భార్య. చలిలో లేచి, నీళ్ళు వెచ్చజేసి చెక్క నానబెట్టేది.

ఆవు సుఖంగా ఈనింది. ఒళ్ళు నిగనిగలాడింది, పొదుగు నిండుగా దిగింది. ఆమె అన్న ఆ బేరగాణ్ణే వెంటబెట్టుకొని వచ్చాడు. బేరగాడు పొదుగు తడిమి అరవై రెండు వేలన్నాడు.

"మొన్న నలభై అన్నావే?" అని అడిగాను.

"అప్పుడు ఎముకలు చూసి చెప్పినాను సార్. ఇప్పుడు ఆవును చూసి చెప్తా ఉండాను."

"అన్నా, ధర నలభైకే కట్టు," అన్నది నా భార్య. "ఆ పైదంతా నేను పెట్టిన చెక్కే గదా."

అతడు నవ్వాడు. "మేత పెట్టకుండా ఎవురు సాకతారు పాపా? గడ్డికి బిల్లు వేసే ఇల్లు ఇదొక్కటే చూసినా."

"పోనీ, గడువన్నా ఇయ్యి."

"బయట రొక్కం పెట్టేవాళ్ళు ఉండారు. నువ్వు యాడ నుంచి తెస్తావు ఇంకా పదకొండు వేలు?"

ఆవును తానే తీసుకుంటానని అతడు మా సగం ముప్పై ఒక్క వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. మేపకపోయి ఉంటే ఇరవై వచ్చేది. పెరిగిన పదకొండు వేలలో మేత ఖర్చు పోగా మాకు మిగిలింది రెండు వందలు. ఆమె చాకిరికి ధర కట్టలేదు. గంపెడు తవుడైనా మోయని అతనికి పదకొండు వేలూ లాభమే.

ఆవును, దూడను వ్యానులోకి ఎక్కించారు.

"దాని మేత ఏమన్నా మిగిలుంటే వ్యానులో వెయ్యి పాపా. ఉన్నట్టుండి మారిస్తే పాలు తగ్గిపోతాయి," అన్నాడతడు.

వద్దన్నాను. "ఆవు ఏం చేసింది?" అని ఆమే మిగిలిన చెక్క సగం మూటను ఎత్తి వ్యానులో పెట్టింది. నానబెట్టే నీళ్ళు వెచ్చగా ఉండాలని అన్నకు రెండుసార్లు చెప్పింది. అతడు డ్రైవరుతో అద్దె బేరమాడుతున్నాడు.