చప్పుడు లేని టేపులు

మోరియోకా పట్నంలో జీవితమంతా సిటీ బస్సు నడిపిన కురామోచి తోషిరోకి చప్పుడంటే గిట్టదు. పగలంతా ఇంజను మోత విన్నవాడికి ఇంట్లో పాట పాటలాగే వినబడాలి. ఆయన భార్య మిసావోకి అంత పట్టింపు లేదు. ఏ పాట ఎప్పుడొస్తుందో పత్రికలో చూసుకుని, రేడియో ముందు మైకు పెట్టి క్యాసెట్ మీద ఎక్కించేది. ఆ రోజుల్లో ఇంటింటా అదే పిచ్చి. రికార్డవుతున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. అయినా కెటిల్ ఈలో, కిందింటి కుక్కో, మిసావో తుమ్మో టేపులో దూరేది.

"ఈ తుమ్ము కోసమా టేపు కొనిచ్చాను?" అనేవాడు తోషిరో.

"తుమ్ము ఊరికే ఇచ్చాన్లెండి, దానికి వేరే డబ్బులక్కర్లేదు," అనేది ఆమె.

చివరికి ఆయన రేడియోని క్యాసెట్లు ఎక్కించే డెక్కుకి నేరుగా కలిపే వైరు కొనుక్కొచ్చాడు. ఇక గదిలో పిడుగు పడ్డా టేపుకి తెలియదు. అక్కడితో ఆగితే బాగుండేది. పాత టేపులన్నీ చెరిపేసి, మళ్లీ శుభ్రంగా ఎక్కించమని పట్టుబట్టి కూర్చున్నాడు.

"ఇదొక్కటి ఉండనివ్వండి. దీంట్లో మీ గురక ఉంది," అంది మిసావో.

"నా గురక ఎవడు వింటాడే? చెరిపెయ్."

చెరిపేసింది.

తర్వాత డెక్కు పాడైతే పెద్ద సామాన్ల చెత్తలో పడేశారు. టేపులు మాత్రం బియ్యపు అప్పడాల రేకు డబ్బాల్లో ఉండిపోయాయి. నిరుటి చలికాలం మిసావో పోయింది. రోజూ ఉదయం ఆమె ఫొటో ముందు అన్నం పెట్టి, గంట కొట్టి, నాలుగు మాటలు చెప్పేవాడు తోషిరో. జవాబు ఏమిటో ఊహించగలిగేవాడు గానీ, అది చెప్పే ఆమె గొంతు మాత్రం రోజురోజుకీ అందకుండా పోతోంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

మిసావో కుట్టుమిషను అమ్ముదామని పాత సామాన్ల అంగడికి వెళ్లినప్పుడు, మూలనున్న చెత్త పెట్టెలో ఓ క్యాసెట్ డెక్కు కనబడింది. పక్కనే దుమ్ముకొట్టుకున్న యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు. అన్నీ కలిపి ఓ పూట నూడుల్స్ ఖరీదు. కుట్టుమిషను సంగతే మరిచిపోయాడు.

"పనిచేయకపోతే తిరిగి తీసుకోం, తాతయ్యా," అంది అంగడి నడిపే హతనాకా.

"నన్నూ ఎవరూ తీసుకోరులేమ్మా."

చాలా రోజులు వాటితోనే గడిపాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు, తెగిన బెల్టు మార్చాడు, స్పీకర్ల చెక్కకి నూనె రాశాడు. ఓ సాయంత్రం యాంప్లిఫయరులో పసుపు దీపం వెలిగింది. టేపు పెట్టగానే ఆ చిన్నగదిలో ఫిడేలు వాయించేవాడు ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. ఒకరు పారేసిన సామానులో ఇంత సంగీతముందా అని తోషిరో నవ్వుకున్నాడు. మిసావో పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ఒక్కో డబ్బా తీసి వెతకడం మొదలుపెట్టాడు. ఎక్కడో ఒక తుమ్ము మిగిలుండదా, పొరపాటున ఒక మాటైనా పడుండదా. ఏమీ లేదు. అన్నీ కడిగిన పళ్లేల్లా ఉన్నాయి. అది ఆయన కోరి చేయించిన శుభ్రమే.

"సరిగ్గా పాడటం లేదా?" అంగడి ముందు ఎదురైనప్పుడు ఆయన వాడిన ముఖం చూసి హతనాకా అడిగింది.

"చాలా బాగా పాడుతోందమ్మా. ఏడుపు అందుకే," అన్నాడు తోషిరో.

వినగా వినగా ఒకటి పట్టుకున్నాడు. ప్రతి పాట చివరా చిన్న 'టక్' ఉంది. అనౌన్సరు నోరు తెరిచేలోపే మిసావో వేలు ఆపే బటన్ మీద పడేది. ఆమె ఎప్పుడూ తప్పలేదు. ఇక పాటలు పక్కనబెట్టి, ఆ టక్ కోసమే వినసాగాడు.

చివరి డబ్బాలోని టేపులో మాత్రం పాట అయిపోయినా టక్ రాలేదు. అనౌన్సరు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ రాత్రికి తొలిమంచు పడుతుందంటున్నాడు. తోషిరోకి గుర్తొచ్చింది. ఆ రోజు చలికి వణుకుతూ ఇంటికొచ్చి, స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం తనే కేకేశాడు. ఆమె పాట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పైగా టేపు పాడుచేశావని తనే విసుక్కున్నాడు.

"పోనీలెండి, మీరు పిలిచారుగా," అంది అప్పుడు మిసావో.

మాట గుర్తుంది. గొంతు ఎంత తడుముకున్నా దొరకలేదు. ముసలాయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. అనౌన్సరు మంచు గురించి చెబుతూనే ఉన్నాడు. ఆపడానికి ఎవరూ రాలేదు. తోషిరో కూడా ఆపలేదు.