పెక్కండ్రు తిన్న పచ్చడి

మొన్న ఆదివారం గోంగూర ఒలుస్తుంటే, ఈ పరాయి దేశంలో, యూ టీ అనే పేటలో ఉన్న మా ఫ్లాట్‌లో గది అద్దెకున్న పిల్ల ఎదురుగా కూర్చుని తన చదువు సంగతి చెప్పింది. పాత రాతిశాసనాలు చదవడం ఆమె పని. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆమే. నాకు సంతకం వరకే వచ్చు. వెనకటి రోజుల్లో వర్తకుల సంఘాన్ని పెక్కండ్రు అనేవారట. "అంటే చాలామంది అని, అంతే ఆంటీ. సరుకుతో ఒక్కడే దారిన పోతే దొంగలు కొట్టేస్తారు కదా, అందుకని గుంపుగా వెళ్లేవాళ్లు. రాను రాను సంఘానికి అదే పేరైపోయింది," అంది. ఒంటరివాణ్ణి కాపాడ్డానికి పుట్టిన మాటన్నమాట. వినగానే నాకు నోరు చేదెక్కింది.

మా ఆయనా అలాంటి చాలామందిలో ఒకడే. ఇక్కడే తంజోంగ్ పగార్ అనే పేటలో ఒక పాత మేడమీద తెలుగు వర్తకుల సంఘం ఉండేది. పండగ బజారులో ఎవరికి ఏ జాగా అన్నది ఏటా వాళ్లే పంచేవారు. మలుపు దగ్గర జాగా మాది. పచ్చళ్లు కలిపేది నేను, అమ్మేది ఆయన. మహా మాటకారి, ఒక్క సీసాకి వచ్చినవాళ్లకి మూడు అంటగట్టి, పైగా వాళ్లచేతే థాంక్స్ చెప్పించుకునేవాడు. ఆయన పోయిన మూడో నెలలో, ఆ జాగా నాకే ఉంచమని అడగడానికి వెళ్లాను. అది పోతే నాకు తెలిసిన పనే పోయినట్టు. ఖాళీ చేతుల్తో ఎలా వెళ్లడమని జాడీడు మాగాయ పట్టుకెళ్లాను, బుద్ధిలేక.

అందరూ భోజనాల మీదున్నారు. జాడీ అందుకున్నారు గానీ నన్ను కూర్చోమనలేదు. గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర నిలబడ్డాను. సంఘం అధ్యక్షుడు మాగాయ టెంక చీకుతూ, మోచేతి దాకా కారిన నూనెని నాకుతూ చెప్పాడు: "చెల్లెమ్మా, మెంబరు మీ ఆయన కదా, నువ్వు కాదు. ఆ జాగా మా బావమరిదికి ఇచ్చేశాం. నువ్వింక ఇంట్లో రెస్ట్ తీసుకో." మిగతావాళ్లు నములుతూనే తలలూపారు.

"మీ నోట్లో ఉన్నది ఎవరి చేతిదండీ?" అన్నాను. ఒక్కడూ నమలడం ఆపలేదు. జాడీ ఎత్తుకుని మెట్లు దిగి వచ్చేశాను. ఇంటికొచ్చి మిగిలింది చెత్తలో పారబోశాను, వాళ్ల ఎంగిలి చెయ్యి తగిలిందని. మరుసటి పండక్కి ఆ జాగాలో ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి.

మరి ఆ శాసనాల్లో ఆడవాళ్లుంటారా అని పిల్లని అడిగాను. గుడికి దానాలిచ్చినవాళ్లు ఉన్నారట; సంఘంలో కూర్చున్నవాళ్లు తనకింకా కనబడలేదట. నాకేం వింతగా లేదు.

పదకొండేళ్లయింది. ఏడుపుని కాలం తీసుకుపోయింది, కోపాన్నీ తీసుకుపోయింది. ఆ నమిలే చప్పుడు మాత్రం ఎందుకో నాకే వదిలేసింది.