అంచు దాటిన ఐసు

రెండేళ్ల కిందట బళ్లారి సత్యనారాయణపేటలో మా అమ్మాయి నిశ్చితార్థం. ఎండలు మండిపోతున్నాయి. బోరునీళ్ల ఐసు వేసిన మజ్జిగ తాగి చుట్టాలు ఎక్కడ జబ్బుపడతారో అని నాకు భయం. అందుకే నీళ్లు కాచి చల్లార్చి, మా డబ్బాలోనే అంచుకు వేలి మందం తక్కువగా పోసి, గడ్డకట్టించి తెమ్మని ఐసు ఫ్యాక్టరీ ఖాదర్ భాయ్‌కి ఇచ్చాను. ఆయన నా ఎదుటే తూచాడు. పదిహేను కిలోలు.

మర్నాడు చూస్తే ఐసు అంచు దాటి ఉబ్బి ఉంది. వియ్యాలవారి ముందే అరిచేశాను.

"ఏందప్పా ఇది? మా నీళ్లలో నీ బోరునీళ్లు కలిపినావా? మోసం చేసేకి శుభకార్యమే దొరికిందా?"

ఆయన ఆటోలోంచి కాటా దించి డబ్బా పెట్టాడు. పదిహేను కిలోలే.

"నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాదంట మేడమ్, బరువు పెరగదంట. మా పాప చెప్పింది. తొమ్మిదిలో మీ దగ్గరే సైన్సు చదువుతాండాది" అన్నాడు మెల్లగా.

క్షమించమని అడక్కుండానే ఐసు లోపలికి పట్టించాను.

సోమవారం ఆ పాప ఎప్పటిలాగే ముందు బెంచీలో కూర్చుంది. వాళ్ల నాన్న ఇంట్లో చెప్పాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నీళ్లు గడ్డకట్టే పాఠం మాత్రం అప్పట్నుంచీ బోర్డు వైపు తిరిగే చెబుతున్నాను.